బుధవారం గడి

ఆదివారం రాత్రి గిన్నెలు తోమేశాక
స్కేలు పెట్టి వారాన్ని గీస్తాను.
ఆరు రోజులు, మూడు గళ్లు:
ఐదు నుంచి ఏడు,
ఎనిమిది నుంచి పది,
పదకొండు ఆపైన.
గీతలైతే తిన్నగానే వస్తాయి.

బోరబండ సైట్ త్రీ, కిరాణా కొట్టు మీది గది.
నాలుగింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు.
పద్దెనిమిది మంది, ఒక్కోసారి ముప్పై,
నల్లా వచ్చే రోజైతే తొమ్మిది.

సోమవారం: చింతపిక్కలు.
చిన్నవాళ్లు లెక్కపెట్టాలి,
నడిమివాళ్లు సమంగా పంచాలి,
పెద్దవాళ్లు నూటికి ఎన్నో చెప్పాలి.
గుప్పెడు పిక్కల్లో మూడు క్లాసులు!
పోయిన నెల ఇలాగే రాసుకుని
నా తెలివికి నేనే మురిసిపోయాను.
ఒక పిక్క నిహాల్ ముక్కులోకి పోయింది.
సాయంత్రమంతా బస్తీ దవాఖానాలో
ఆ ఒక్క పిక్క లెక్క తేల్చుకున్నాం.
పిక్కలు కొట్టేసి, గచ్చకాయలు అని రాస్తాను.
ముక్కులో పట్టవు.

మంగళవారం: గల్లీ పటం.
సుతిలితో కొలిచేది పెద్దవాళ్లు,
ఇళ్లు గీసేది నడిమివాళ్లు,
కుక్కలు చిన్నవాళ్లవి.
"మా గల్లీల ఇండ్లకన్న కుక్కలే ఎక్కువ టీచర్,
కాగితం సరిపోదు."

మెహక్ చంకలో తమ్ముడొస్తాడు.
రిజిస్టర్‌లో లేడు, ఏ గడిలోనూ పట్టడు,
సుద్దముక్కలు తింటాడు.
వాడికోసం మార్జిన్‌లో:
ఖాళీ డబ్బా, రెండు చెంచాలు.

బుధవారం దగ్గర పెన్సిలు ఆగుతుంది.

కురుమూర్తికి పదమూడు. నాకన్నా పొడుగు.
పగలు బడి, రాత్రి మామ పంక్చర్ షాపు.
గుమ్మం పక్కనే కూర్చుంటాడు
ఏ నిమిషమైనా లేచిపోయేవాడిలా.
పుస్తకమిస్తే "కండ్లు మండుతున్నయ్" అంటాడు.
నమ్మి, కళ్లద్దాల క్యాంపుకి తీసుకెళ్లాను.
చూపు శుభ్రంగా ఉంది.
గుణింతం దాకా బండి నడుస్తుంది,
ఒత్తు అడ్డమొస్తే పంక్చరే.

చిన్నపిల్లల పుస్తకం వాడి చేతిలో పెట్టి
చదువుకోమంటే మర్నాడు రాడు.
అందుకని మొదటి గడిలో,
ఐదేళ్లవాళ్ల గడిలో రాశాను:
కథ. చదివేది కురుమూర్తి అన్న.
ఎందుకో రాయలేదు.
చివరి నిలువు గడి చూపించి
"ఫలితం?" అంటుంది సూపర్‌వైజర్ మేడం.
అక్కడ ఒక చుక్క పెట్టాను.

బుధవారం కరెంటు పోయింది.
చాప కిటికీ దగ్గరికి లాగాం.
"గొంతు పోయిందిరా, నువ్వు చదివిపెట్టు."
అబద్ధానికి తగ్గట్టు దగ్గాను కూడా.
వాడు నన్ను చూశాడు, పుస్తకాన్ని చూశాడు.
అప్పటికే ఏడుగురు
వాడి మోకాళ్ల మీదికి పాకేశారు.

"కప్పకు ఒక..."
ఆగాడు. సే కింద న ఒత్తు.
"స్నేహితుడు," అంది నూరీన్,
జడ చివర నములుతూ.
అక్షరం రాదు దానికి.
ఆ కథ నా నోట పదకొండుసార్లు విన్నది.
"స్నేహితుడు," అన్నాడు వాడు,
ఆ ఒత్తు మీద వేలు పెట్టి.
ఎవరూ నవ్వలేదు.
అది ఆటలో భాగమనుకున్నారు.

మూడో పేజీలో మళ్లీ ఆగాడు.
నూరీన్ బొమ్మ చూసి, "బారిష్!"
"వాన!" అన్నాడు నిహాల్.
"ఏయ్ ఆగుండ్రి. బా ఏడుంది ఈడ?
వాన గూడ కాదు. ఇంకేదో రాసిండ్రు."
ర కింద వేలాడే ష మీద
గ్రీజు ఆరని గోరు.
"వ... ర్... వర్షం."

నేను తల ఎత్తలేదు.
అట్టముక్క కత్తిరిస్తూనే ఉన్నాను,
వంకరగా పోయింది.

గురువారం వాడు రాలేదు.
శుక్రవారం వచ్చి గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.
ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు.
చెంచాలతో డబ్బా మోగుతోంది.

మళ్లీ ఆదివారం. స్కేలు, గీతలు.
వచ్చే బుధవారం గడిలో రాస్తున్నాను:
టీచర్ గొంతు ఇంకా బాగవలేదు.