కన్ను

తాడిపత్రిలో పొద్దు ముందు బండల మీద పడతాది,
తర్వాతే మనుషుల మీద.
పాలిష్ మిషన్లు గుర్రుమంటాంటే
షెడ్డు ముందర తిరుపాలు లారీ
మూడు దినాలుగా నిలబడుకోనుంది
వెనక తలుపు మీద గుడ్డి నెమలితో.

తోక అయిపోయింది.
మెడ నీలం ఒక్క ఊపులో వచ్చింది,
ముక్కూ, తురాయీ, కాళ్ల కింద మామిడాకూ.
కంటి దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది.
చుక్క పెడితే తిరునాళ్ల బొమ్మ చూపు.
గీత లాగితే నిద్రమొహం.
తుడిచినా. మళ్లా పెట్టినా. తుడిచినా.
పూతలన్నీ పోయి
ఇనుము కనబడే దాకా తుడిచినా.

"ఏమన్నా, పక్షికి శుక్లాలా?" అంటాడు తిరుపాలు,
టీతో పాటు ఎగతాళి కూడా ఊదుకుంటా.
లోడు కాచుకోనుంది, షోలాపూరు దూరముంది,
అతని తొందర అతనిది.

కన్ను యాడ దొరుకుతాది?
పెన్నలోకి పోయి కూర్చున్నా, ఇసక తప్ప ఏం లేదు,
ఇసకలో ఒంటి చెప్పు.
సెల్‌ఫోన్లో వంద నెమళ్లు చూసినా,
అన్నీ ఎవరో ముందే వాడేసిన కళ్లు.
మా ఉస్తాదు షేక్షావలి ఉంటే అడిగేవాణ్ని.
ఉన్నప్పుడు మాత్రం ఏం చెప్పినాడులే.
"బీడీ ముట్టించు" అనేవాడు, అంతే.

నాలుగో దినం మధ్యాహ్నం కరెంటు పోయింది.
మిషన్లన్నీ ఒక్కసారిగా నోరు మూసుకుంటే
ఆ చెవుడు లోంచి ఓబుళమ్మ బయటికొచ్చింది.
నెత్తి నుంచి పాదాల దాకా బండ పొడి,
రెప్పలు తెల్లన, పెదాలు తెల్లన,
కళ్లు మాత్రమే ఇంకా ఆమెవి.
బకెట్టెత్తి
గోడకానించిన బండ మీద నీళ్లు కొట్టింది.
బూడిద బండ
లోపల దాచుకున్న నలుపు ఒక్క తూరి చూపించి
మళ్లా ఆరిపోతాంటే
"చూడు, నీళ్లు పడితే ఇదీ నవ్వుతాది" అని
తనే నవ్వింది.

నేను చెయ్యి కూడా కడుక్కోలేదు.
సన్న కుంచె, నలుపు,
నలుపు ఆరకముందే ఒక తెల్లటి తడి.
ఎంతసేపు? సగం బీడీ అంత.

సాయంత్రానికి బండి పోయింది.
ఉస్తాదైతే, బండి పోయే పూట
రోడ్డుకు వీపు పెట్టి కుంచెలు కడిగేవాడు.
చూడవా అంటే
"కిరసనాయిలు కంట్లో పడతాది రా" అనేవాడు.
నేను చూసినా.
గుత్తి రోడ్డు మలుపు దాకా
అదీ నన్నే చూస్తా పోయింది.
ఓబుళమ్మకు చెప్పలేదు.
నీ కన్ను షోలాపూరు పోయిందని
ఎవరికైనా ఎట్ల చెప్పేది?

రెండేండ్లు.
ఎన్ని తామరలో, ఎన్ని పులులో.
మొన్న ఒక లారీ వచ్చి నిలబడింది.
వెనక తలుపంతా సొట్టలు, తుప్పు,
యాడనో ఎవడో గుద్దిన మచ్చ,
తోక సగం లేదు.
ఆ తుప్పులోంచి ఒక కన్ను
ఇప్పుడే మొహం కడుక్కున్నట్టు చూస్తాంది.
"అబ్బ, ఎవరేసినారప్పా ఇది?" అంటి.
తిరుపాలు పొట్ట పట్టుకున్నాడు.
"నీదే గదన్నా! గీకేసి పులిని వెయ్యి,
నెమలి పాతబడిపోయింది."

గరుకు కాగితం చుట్టి రుద్దినా.
నీలం పొడై మోచేతుల దాకా పట్టింది.
కంటి దగ్గర చెయ్యి ఆగుతాదేమో అనుకున్నా.
ఆగలేదు.
తెలుపు పోయింది, నలుపు పోయింది,
ఇనుము వచ్చింది.
ఇనుము నన్ను గుర్తుపట్టలేదు.

పులి వెనక ఆకాశానికి నీలం కలుపుతాంటే
ఓబుళమ్మ వచ్చింది, మేకను తోలుకుంటా.
ఇప్పుడామె బండల పనికి పోదు, దగ్గు.
"కొమ్ములకు రవ్వంత పుయ్యి నాయనా,
మందలో కలిస్తే ఇది దొరకడం లేదు."
పూసినా.
ఆరేదాకా పట్టుకుందామంటే
అది ఆగితే కదా.
తడి నీలం
అందరి గోడలకూ రాసుకుంటా
వీధి మలుపు తిరిగిపోయింది.