కమురు

జ్వరం నా ముక్కును పట్టుకుపోయి రెండేళ్లు.
జెస్తాఫోనిలో ఈ సంగతి ముగ్గురికే తెలుసు:
నాకు, నా భార్యకు,
రొట్టెల బట్టీ ముందు మొద్దులా నించున్న నన్ను చూసి
పసిగట్టేసిన వాజాకు.

ముక్కు లేని మెకానిక్కు దగ్గరికి ఎవరొస్తారు?
అందుకే ప్రశ్నలు ఎక్కువ అడుగుతున్నాను.
జుంబెర్‌కు వయసుతో పాటు ఓపిక వచ్చిందని
ఊరు అనుకుంటోంది. అనుకోనీ.

త్సియాలా తెచ్చిన ఓపెల్ వయసు ఇరవై ఆరు.
వెనక సీటు పీకేసి
సులుగుని చీజు పెట్టెలు పేర్చుకుంటుంది అందులో.
"కాలుతున్న వాసన" అంది.
ఏం కాలుతున్న వాసన?
"కాలుతున్నదే."

కాలడంలో రకాలున్నాయమ్మా.
పాకం మాడినట్టు తియ్యగా ఉంటే రేడియేటరు.
చెప్పు నిప్పుల్లో పడ్డట్టుంటే బెల్టు.
పాత ఉత్తరాలు తగలబెట్టినట్టుంటే క్లచ్చు.

ఆమె కళ్లు మూసుకుంది.
ముక్కుపుటాలు కదిలాయి.
అసూయ కలిగింది నాకు, చెప్పొద్దూ.

"మొక్కజొన్న రొట్టెల మట్టిపెనం
పొయ్యి మీద మరిచిపోయి
మా అత్త పక్కింటి తగువు తీర్చడానికి వెళ్లిన రోజు.
అదిగో, ఆ వాసన."

కమురు. నూనె.

ఎప్పుడొస్తుంది?
"కనుమ దిగి సిగ్నల్ దగ్గర ఆగితే.
పరిగెడుతుంటే రాదు. హీటరు వేశానా, ఇక చెప్పకు."
వెనక గొట్టంలో నీలం పొగ?
"లేదు. కుతైసిలో ఒకడు బానెట్టు ఎత్తకుండానే
రింగులు పోయాయి, రెండు వేల లరి అన్నాడు."
కాసేపు ఆగి, గొంతు తగ్గించి,
"ఒక వారం పొగబెట్టిన సులుగుని అని చెప్పి అమ్మేశాను.
రెండో వారం ఎవరూ నమ్మలేదు."

కిరసనాయిలు గుడ్డతో ఇంజను తుడిచాను.
పది నిమిషాలు తిరగనిచ్చాను.
టార్చి, చేతి అద్దం.
వాల్వు మూత వెనక మూలన ఒక్క చుక్క,
ఊగి, తటపటాయించి,
ఎగ్జాస్టు మీద పడింది.
దారప్పోగంత పొగ.
పొగ నాకు కనబడింది. వాసన ఆమెకు అందింది.
ఇద్దరం ఒకేసారి "ఇదే" అన్నాం.

గాస్కెట్టు కాదది, ఎండిన అప్పడం.
వేలితో వంచితే పటుక్కున విరిగింది.
కారుతోందని ఎవడో బోల్టులు మెడలు విరిచేట్టు బిగించాడు.
కారేదాన్ని నొక్కితే ఆగుతుందనుకోవడం
కొందరి చదువు.

కొత్తది వేసి ముప్పై లరి పుచ్చుకుని పంపెయ్యొచ్చు.
ఆరు నెలలకు మళ్లీ వస్తుంది.
గాలిగొట్టం ఊడదీసి చూశాను:
మీగడ కట్టినట్టు గోధుమరంగు మడ్డి.
ఊపిరాడని ఇంజను
ఎక్కడ పలచగా ఉంటే అక్కడ కక్కుతుంది.
ఇనుపతీగ పెట్టి, పెట్రోలు పోసి,
అవతలి కొసన నోరు పెట్టి ఊదాను.
పెట్రోలు రుచి తెలిసింది.
అదొక్కటే మిగిలింది నాకు, నాలుక మంట.

బోల్టులు నడుమ నుంచి చివరలకు,
ఒక్కొక్కటీ కొంచెం కొంచెం,
మణికట్టుతోనే. భుజం ఈ పనికి పనికిరాదు.

ఇంకా రెండు రోజులు వాసనొస్తుందన్నాను.
"బాగుచేశానన్నావు?"
పడిన నూనె కాలిపోవాలి కదా.
రోజూ చూసుకో. తగ్గుతుంటే సరే.

గురువారం వచ్చింది.
గుడ్డలో చుట్టిన చీజు ముద్ద నా ముక్కు కింద పెట్టింది.
"చూడు ఇప్పుడు."
పీల్చాను. గట్టిగానే పీల్చాను.
శుభ్రంగా ఉంది, పాల వాసన, అన్నాను.

ఆమె నావంక చాలాసేపు చూసింది.
"ఇది నిజంగా పొగబెట్టింది, జుంబెర్."

గుడ్డ మళ్లీ మడిచి, బల్ల మీద పెట్టి,
స్పానర్లు వాటి వరసలో సర్దడం మొదలుపెట్టింది,
తనకేమీ పట్టనట్టు.

ఇప్పుడు నలుగురికి తెలుసు.