నాలుగో అంతస్తుల

అగ్గిపెట్టెంత రేడియో.
కోఠి గల్లీల బేరమాడి కొన్న,
రెండొందల ఎనభైకి.
ఇంటికొచ్చినంక తెలిసింది
దీనికి ఏంటెనా లేదని.

"వైరే ఏంటెనా" అన్నడు ఖలీల్ భాయ్,
గడియారాల పెట్టె మీంచి తలెత్తకుంట.
"చెవుల పెట్టుకునే తీగె ఉంది గదా,
అదే గాలిని పట్టేది.
చుట్ట చుట్టి జేబుల కుక్కితే
గుర్రుమనుడు తప్ప ఏమొస్తది?"

నేనేమో లిఫ్టు నడిపేటోన్ని,
అబిడ్స్‌ల, ఆరంతస్తుల పాత బిల్డింగుల.
ఇరవై రెండేండ్ల సంది
కొంగులు, గొడుగులు, చేతిసంచుల తాళ్లు
చానెల్ గేట్ల పడకుంట కాపాడేటోన్ని.
తీగెను వేలాడదియ్యమంటే
చెయ్యి రాదు.

అయినా ఇప్పిన.

గప్పటిసంది నాకు వార్తలు
అంతస్తుల లెక్కన వస్తున్నయి.
కింద: "మూసీకి ఎగువన కురిసిన..."
గోడ. రేకు మీద ఇసుక పోసిన చప్పుడు.
ఒకటి: "...గేట్లను..."
గోడ.
రెండుల బీమా ఆఫీసు ట్యూబులైట్ల గుయ్యిమనుడు.
మూడుల ఒక స్టేషను నెత్తిన ఇంకోటెక్కి కూసుంటది,
సన్నాయి నడుమ ఉల్లిగడ్డ ధర.
నాలుగుల మాత్రం
పటిక తిప్పిన నీళ్ల లెక్క తేరుతది.
లిఫ్టు ఎదురుంగ పెద్ద కిటికి,
కిటికి అవతల నాంపల్లి దాకా అడ్డం లేని గాలి.

ఆ కిటికి కాడనే స్వరూప జిరాక్స్ మిషను.
ఆమె ఫోనుకు రెండు చెవులూ చచ్చిపోయిన ఇయర్‌ఫోను.
వినేందుకు కాదు,
కిటికి ఊచకు చుట్టి పెట్టింది.
మాట ఫోనుల నుంచే వస్తది,
సచ్చిన తీగె తెచ్చి ఇస్తది.

"ఎత్తిండ్రా గేట్లు?"
ఒక కాలు లిఫ్టుల, ఒక కాలు బయట పెట్టి అడుగుత.
"రెండెత్తిండ్రు. చాదర్‌ఘాట్ దిక్కు పోకు" అంటది,
ఆధార్ కార్డు బోర్లేసుకుంట.
ఐదు నుంచి బజర్.
పోత.

పోయిన నెల ఒక కార్డు రాసిన.
సైన్సు సంగతులు చెప్పే ప్రోగ్రామొకటుంది, బుధారం పగటీలి.
"అయ్యా, లిఫ్టుల రేడియో ఎందుకు పలకదు?"
గంతే. కింద నా పేరు, బిల్డింగు పేరు.

నాలుగు బుధారాలు నాలుగులనే తచ్చాడిన.
ఐదో బుధారం
ఆరో అంతస్తు వకీలు సాబుకు తొందర,
చేతినిండ ఫైళ్లు,
బజర్ మీదికెల్లి వేలు తియ్యలే.

తిరిగొచ్చేసరికి
స్వరూప పాడైన కాయితం ఎన్కదిక్కు రాసి పెట్టింది.
"ఇనుప పెట్టె నాలుగు దిక్కుల మూసుకుంటే
రేడియో అల లోపటికి రాదట.
పెట్టె ఒంటి మీదనే పారి పోతదట.
ఎంత సందుంటే అంత మాట."

"ఇంకేమన్నరు?"
"నీ పేరు చదివిండ్రు."
"ఎట్ల?"
"అబిడ్స్ నుంచి శ్రీ బైరి లచ్చయ్య గారు, అని."
"గారు అన్నరా?"
"అన్నరు."

ఈ బిల్డింగుల నా పేరు ఫోర్త్,
నా పేరు గ్రౌండ్,
నా పేరు ఏయ్ జర రోకో.
జీతం పుస్తకంల వట్టి ఎల్. మ్యాన్.
ఊరంత ఇన్న పేరు
నేను ఇనలే,
ఐదుకు ఆరుకు నడుమ
గోడ ముంగట నిలబడి ఉన్న.

కాయితం నాలుగు మడతలు పెట్టి జేబుల పెట్టుకున్న.
తీగెను మాత్రం మడతపెట్టలే.

సందు ఉంటేనే మాట వస్తది.
సందు ఉంటే లిఫ్టు కదలదు,
గేటు కొన దాకా పడాలె, టక్కుమనాలె.
ఈ రెండింటికి పొత్తు ఎట్ల కుదురుతదో
ఇంకో కార్డు రాద్దామనుకుంటున్న.

బజర్ కొడుతున్నరు.
కొట్టనీ.
వాన సంగతి చెప్తున్నడు,
సగంల ఉన్నడు.