పద్నాలుగు

నలభై డాలర్లకు కొన్నాను,
హుబెర్ట్ లాంపెరూర్ పశువులకొట్టం వెనక
కోరింద ముళ్ళలో ముక్కు మట్టిలో గుచ్చి కూర్చుంది
నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్న సాక్షిలా.
తోట ట్రాక్టరు. మేకపోతంత ఎత్తు.

కంపెనీ పలక లేదు.
పలక ఊడిపోయిన రంధ్రాలూ లేవు.
అది అప్పుడే గమనించాల్సింది.
ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సులు బాగుచేసినవాణ్ణి,
గమనించలేదు.

విస్కాన్సిన్ చలికాలం, గరాజు, కిరసనాయిలు పొయ్యి.
బోల్టులు రావు. రావంటే రావు.
నూనె పోసి, రెండ్రోజులాగి, మంట చూపించి,
బతిమాలి, తిట్టి, మళ్ళీ నూనె పోసి…
"నాతో ఇంత ఓపిగ్గా ఎప్పుడు మాట్లాడావు?"
అంది జోసెట్, కాఫీ కప్పు బెంచీ మీద పెట్టి.
పదకొండో రోజు కిర్రుమంది.
ఆ ఒక్క కిర్రు కోసమే మాకీ పిచ్చి.

ఇంజను ఏదో నీళ్ళ పంపుది.
గేరుపెట్టె పాత కారుది.
స్టీరింగు ఏ పడవ మునిగితే తేలిందో.
స్టార్టు చేసే తాడు కూడా తప్పు వైపుంది,
లాగినప్పుడల్లా నా మోచెయ్యి మడ్‌గార్డుకి కొట్టుకుంటుంది.
కాటలాగులన్నీ తిరగేశాను.
ముఖం ఒకరి పోలిక, నడక మరొకరిది,
ఇంటిపేరు మాత్రం ఎవరూ ఇవ్వరు.
సీటు కింద పంచితో కొట్టిన అంకె: 14.
పద్నాలుగో మోడల్ ఏ కంపెనీకీ లేదు.

ఇక రంగు అడిగాను.
బ్లేడుతో పావు డాలరు బిళ్ళంత మేర గీకితే
నారింజ, దాని కింద ఆకుపచ్చ,
దాని కింద బ్రష్షు వెంట్రుకలతో సహా ఎండిపోయిన పసుపు,
అట్టడుగున బూడిదరంగు.
ప్రైమరేమో అనుకున్నా.
ప్రైమరు గోటికి లొంగుతుంది. ఇది లొంగలేదు.

మార్చిలో మంచు బురదయ్యాక
ఆల్ఫోన్స్ డెల్వో వచ్చాడు, తొంభై దాటినవాడు,
కార్బురేటరు ముక్కొకటి జేబులో వేసుకుని.
బూడిదరంగు మీద బొటనవేలు రుద్ది
"ఓడ రంగు" అన్నాడు.
"యుద్ధం రోజుల్లో స్టర్జన్ బే రేవులో పీపాలకొద్దీ ఉండేది.
లంచ్ డబ్బాల్లో దాక్కుని ఇళ్ళకొచ్చేది."
ఆపైన నేను వద్దంటున్నా వినకుండా
సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి అడిగాడు.
"అతుకు చూడు. చేపపొలుసులు.
అందరివీ ఇటు వాలతాయి, ఇవి అటు.
ఎడంచేతి వాటం.
క్లెమెంటీన్ మస్సార్."

అక్కడే, నేల మీదే, నవ్వడం మొదలెట్టాడు.
పదేళ్ళప్పుడు ఆమె వెల్డింగు దగ్గరికెళ్ళి
ఒక కనుబొమ్మ కాల్చుకున్నాడట.
రెండేళ్ళు ఓడల పొట్టలు కుట్టింది ఆమె.
యుద్ధం ముగిసిన వారానికే ఇంటికి పొమ్మన్నారు,
మగవాళ్ళు తిరిగొస్తున్నారని.
"ఇంటికొచ్చి ఏం కుట్టాలి మరి?
బంగాళాదుంపల మడికి దీన్ని కుట్టింది."

లేపడానికి నేనూ జోసెట్ ఇద్దరం పట్టాల్సొచ్చింది.

జూలై ప్రదర్శన ఫారంలో
తయారీదారు అన్న గడిలో ఆమె పేరు రాశాను.
బల్ల వెనక కుర్రాడు తలెత్తి
"ఆ కంపెనీ ఏ ఊళ్ళో?" అన్నాడు.
రోడ్డుకి అవతలి పొలం చూపించాను.
అక్కడిప్పుడు సోయా వేస్తున్నారు.

అంతా బూడిదరంగే వేశాను,
అతుకుల మీద తప్ప.
వాటికి నూనె రాసి వదిలేశాను, పొలుసులు కనబడాలని.

తాడు దగ్గర నిలబడి
ఏడాదిగా తిట్టుకున్న నా మోచేతిని తల్చుకుని
ఎడంచెయ్యి చాపాను.
అందింది. ఏమీ తగల్లేదు.
మొదటి లాగుకి ఉలుకూ పలుకూ లేదు,
రెండోదానికి దగ్గింది,
మూడోదానికి జోసెట్ దుప్పట్లన్నీ పొగ.

పద్నాలుగు సంగతి ఇప్పటికీ తెలీదు.
ముందటి పదమూడూ చెడిపోయుంటాయంటాడు ఆల్ఫోన్స్.
ఎక్కడో కోరింద ముళ్ళలో ఉన్నాయేమో అని
నేను దారంట మెల్లగా నడుపుతున్నాను.