కొసరు

మార్చి ముప్పై ఒకటి. రాత్రి రెండు దాటింది.
గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు నిద్రపోతున్నాయి,
ఘాటు మాత్రం మేలుకునే ఉంది.
సర్వరు గది తలుపుకి తడి గోనె కట్టాను,
అయినా ఫ్యాన్ల ముక్కుల్లో తేజా పొడి.

తెర మీద ఒక్క వరస:
తెల్లవారి ఐదున్నరకి ముందు నిమిషానికి
అరవై ఒక్క సెకన్లు.

అధిక మాసం నాకు తెలుసు,
ఆ నెల మా వీధిలో బాజాలు మోగవు.
అధిక సెకనూ ఉంటుంది.
భూమి కాస్త వెనకబడితే
గడియారాలన్నీ ఒక గుటక మింగి ఆగుతాయి దానికోసం.
ఆగితే జూన్ చివర, లేదంటే డిసెంబరు చివర.
మార్చిలో ఎవరు వేశారీ కొసరు?

"కొసరంటే మంచిదేగా" అన్నాడు
దడవాయి జాన్‌సైదా, ఫ్లాస్కు మూత తిప్పుతూ.
మంచిదే భాయ్.
పదకొండు కాటాలూ ఒకే సెకను చెప్పకపోతే
వేలం ముందు పాడిందెవరో ఎవరు తేలుస్తారు?
రూపాయి తేడాకి చొక్కాలు చిరిగే చోటు కదా ఇది.

నలుగురిని అడిగాను.
నాలుగు టైం సర్వర్లు, మొహం చూడని పెద్దమనుషులు.
ముగ్గురు అలాంటిదేం లేదన్నారు.
నాలుగోది, ఏ ఊళ్ళో ఏ మూలనో,
ఎన్నడో ఎత్తిన జెండా దించడం మరిచి
ఊపుతూనే ఉంది.
పాపం, అబద్ధమాడాలని కాదు,
దాని దగ్గరున్న నిజం పాచిపోయింది.
మా సర్వరు ఆ మాట విని
పదకొండు చెవుల్లో ఊదింది.

అధికారిక పట్టీ తెచ్చి చూశాను, ఈ ఏడు ఖాళీ.
నాలుగోదాని పేరు కొట్టేశాను.
సర్వీసు ఆపి, మళ్ళీ లేపాను.
జెండా అలాగే ఉంది.
చాడీ చెప్పినవాణ్ణి గెంటేసినా
చాడీ కెర్నెల్‌లో కాపురం పెట్టింది.
ఇక ఒక్కో కాటా దగ్గరికీ నడిచి
చేత్తో దించడమే.
కళ్ళు తుడుచుకోకూడదని తెలుసు. తుడుచుకున్నాను.

ఐదు ఇరవై తొమ్మిది.
యాభై ఏడు, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది,
ఐదున్నర.
పది కాటాలు.

ఏడో షెడ్డులో టార్పాలిన్ కింద
నేను లెక్క మరిచిన పాత పెట్టె
యాభై తొమ్మిదిని రెండుసార్లు అంది.
పొద్దున్నే పరీక్ష మీట నొక్కడం జాన్‌సైదాకి అలవాటు,
నొక్కితే అది సెకనుకో చీటీ కక్కుతుంది.
సున్న కిలోలు, 5:29:59.
సున్న కిలోలు, 5:29:59.

రెండో చీటీ చింపి నా చేతిలో పెట్టాడు.
"ఇదిగోమ్మా నీ కొసరు.
తరుగు తీయలేదు."

గేటు దగ్గర మొదటి లారీ హారను.
ఆ పెట్టె ఇంకా
ఒక సెకను వెనకే నడుస్తోంది.