నీళ్ల బండి

ఆ స్టేషన్ పేరు మేబెల్.
లండన్ కంపెనీ దొర చిన్నకూతురి పేరట.
ఆ పిల్ల ఏనాడూ ఈ పంపా మైదానం తొక్కలేదు.

ఇక్కడ ఎంత లోతు తవ్వినా ఉప్పునీళ్లే.
గురువారం బండికి జనం ఎదురొచ్చేది
చుట్టాల కోసం కాదు,
తాగే నీళ్ల కోసం.
స్టేషన్ మాస్టర్ అన్సెల్మో
టికెట్ల కన్నా నీళ్లే ఎక్కువ కొలిచాడు.
బాలింత ఇంటికి ఓ డబ్బా అదనం;
లెక్కల పుస్తకంలో 'కారిపోయింది' అని రాసేవాడు.

ఆఖరి బండి వచ్చినరోజు
డ్రైవరు మాట్లాడకుండా
ట్యాంకు కుళాయి తిప్పి వదిలేశాడు.
ప్లాట్‌ఫారం మీద, పట్టాల మీద,
అందరి చెప్పుల మీద
నీళ్లు.
ఒక్కరూ డబ్బా పట్టలేదు.

పట్టాలు పీకేశారు. గంట ఎవరో అమ్ముకున్నారు.
గొర్రెలు కాసే ఎయుసెబియా అంటుంది:
ఆ నీళ్లు పారినంతమేరా
గడ్డి ఇప్పటికీ వేరే పచ్చని.

నాకు తేడా తెలియలేదు.
తలూపాను.