గ్యాంగుమన్ ఇంట్లో సోదా

యుద్ధం ముగిసిన రెండో వానాకాలం.
వాన మాత్రం ఇంకా రాలేదు.
గుంతకల్లు లోకోషెడ్డు గోడకి
ఒక కాయితం అంటించినారు,
రేపట్నుంచి పనిలోకి రావద్దని, నూట నలభై పేర్లు.
చదువు రానోళ్లు పక్కోళ్లతో చదివించుకోని
తమ పేరు మీద వేలు పెట్టి నిలబడినారు,
జీతాల రోజు ముద్ర వేసినట్టే.

పొద్దు గూకేలోగా తప్పెవరిదో తేలిపోయింది.
అరవోళ్లదంట.
తిరుచ్చి నుంచొచ్చిన ఫిట్టర్ ఆరోగ్యసామిదంట.
ఇరవై ఏండ్లుగా మా ఇంటికీ ఆయనింటికీ నడుమ ఒకటే గోడ.
పొద్దున్నే ఆయన పెండ్లాం సవరియమ్మ
బోకిపెంకులో నిప్పులు పట్టుకొచ్చేది,
మాయమ్మ దోసెడు కొర్రలు ఆమె కొంగులో పోసేది.
ఆ గోడ మీదే బొగ్గు రాత:
ఊరి పని ఊరోళకే.
వత్తు మర్చిపోయేది కుళ్లాయప్ప కొడుకొక్కడే.
నాతోపాటు మూడో తరగతి చదివినోడు.

మద్దిలేటి బర్మా నుంచి వచ్చి ఆరు నెలలు.
మిలిటరీ కోటు, ఒక గుండీ తక్కువ.
"కొట్టడం తెల్సినోడివి, ముందు నడువప్పా" అన్నారు.
ఆయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకోని
రంగూన్ రేవులో మూటలు మోసిన మనోళ్ల సంగతి ఎత్తినాడు.
వాళ్ల గుడిసెల మీద గూడా ఎవరో రాసినారంట.
దూరం నుంచి చూస్తే
అచ్చం మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉన్నాయంట.
దగ్గరికి పోయి చదివించుకుంటే, ఇదే మాట.
కొండల్లో నడిచి వస్తా దోవలో పండుకున్నోళ్లలో
లేచినోళ్లు తక్కువంట.
అందరూ విన్నారు.
విని, ఆయన్ని పక్కకి జరిపి పోయినారు.

మర్నాడు పోలీసులొచ్చినారు.
రాళ్లేసినోళ్ల కోసరం కాదు.
రైలు బస్తీలో కమ్యూనిస్టులు దాక్కున్నారని
పైనుంచి తంతి వచ్చిందంట.
మా సంగటి కుండలో చెయ్యి పెట్టి చూసినారు.
జేజి చెప్పుకునే దేవుని పటం తిరగేసినారు.
నాయన మంచం కింద దొరికింది.
"ఇదేంది?"
"జెండా, సామీ. రైలు నిలపడానికి."
"రైళ్లు నిలపమని ఎవడు నేర్పినాడు నీకు?"
"కంపెనీ, సామీ."
దెబ్బ యాడ పడిందో నాయన ఎప్పుడూ చెప్పలే.
ఎర్రగుడ్డ ఒకటి అని రాసుకోని
సాక్షిగా జేజి వేలిముద్ర తీసుకున్నారు.
పచ్చజెండా అక్కడే ఉండె.
మడత గూడా విప్పలే.

ఆ రాత్రి ప్యాసింజరుకి సవరియమ్మ వాళ్లు పోయినారు.
తెల్లారి మాయమ్మ పెంకు చేతబట్టుకోని
గోడ దాకా పోయి
కాసేపు నిలబడి
తిరిగొచ్చి అగ్గిపెట్టె వెతుక్కునింది.

మూడోనాడు, నాల్గో మైలు కాడ
పట్టా అతుకు నోరు తెరిచింది.
అవతల మెయిలు కూత.
నాయన చేతిలో సుత్తె, పచ్చజెండా.
రెండూ కింద పడేసి
పట్టాల నడుమ నిలబడి
ఉత్త చేతులు రెండూ పైకెత్తినాడు,
సోదా రోజు ఎత్తమన్నప్పుడు ఎత్తినట్టే.
మెయిలు నిలిచింది. అరవై అడుగుల్లో.
కిటికీలోంచి ఎవరో తెల్లచొక్కాయన తల బయట పెట్టి
"మళ్లీ సమ్మేనా?" అని తిట్టినాడు.

నెలాఖరుకి జీతం.
జెండా పోగొట్టినందుకు కోత,
పన్నెండణాలు.